కాయగూరల చెక్కపెట్టె – మన తోటల యొక చిన్న చరిత్ర

చరిత్ర యనగానే మనకు కోటలు, శాసనములు, దండయాత్రలు తలపునకు వచ్చును. మన పూర్వు లే కాలమున దక్షిణమునకు వచ్చి స్థిరపడిరో, ఏ పాళెగారు ఏ చెరువు త్రవ్వించెనో ఇట్టి సంచికలలో పెద్దలు పలుమారు వ్రాసియున్నారు. అవి వ్రాయదగినవే. కాని ఆ వచ్చినవారు పండించిన పంటను దేనిలో నింపి సంతకు మోసిరి అను ప్రశ్నకు సమాధానము శాసనములలో దొరకదు; మన పెరటి కొట్టములలోను, అటకలమీదను దొరకును. కోలారు, మాలూరు, చింతామణి, ముళబాగిలు, శ్రీనివాసపురము ప్రాంతములలోను, ఎల్లకు ఆవల హోసూరు వైపునను తోటలు చేసికొని బ్రతికిన తెలుగు కుటుంబములలో, నిన్న మొన్నటి వరకు కనబడిన వస్తువొకటి కలదు. అది ఇంటనే కొట్టుకొన్న చెక్కపెట్టె. దానిని గూర్చి మాకు తెలిసినంత వరకు ఇచట వ్రాయుచున్నాము.

పెట్టెకు ముందు గంప యుండెను. వెదురు బద్దలతో మేదరులు అల్లి యిచ్చు గంపలు, తట్టలు, బుట్టలు మన తోటల కన్నిటికిని మొదటి సాధనములు. పెద్ద గంపను రాయలసీమవారు మక్కిరి యందురు. కన్నడిగులు మంకరి యందురు. మన కోలారు తెలుగువారు ఎదుటివారినిబట్టి రెండు మాటలను వాడుదురు. వంకాయ, బెండకాయ, గోరుచిక్కుడు, గుమ్మడి, పొట్ల, ఆకుకూరలు – ఇవి గంపలో పోసి నెత్తిమీద పెట్టుకొని, లేదా ఎద్దుల బండిలో పేర్చుకొని పోవుటకు తగినవే. సంత ఒక పూట ప్రయాణము. ఉదయము కోసినది సాయంకాలమునకు అమ్ముడుపోయెడిది. తూకము వీశెలలో జరిగెడిది. నలుబది పలములు ఒక వీశె; ఎనిమిది వీశెలు ఒక మణుగు; చెన్నపట్టణపు లెక్కలో మణుగనగా 25 పౌనులు, అనగా నేటి తూకమున 11 కిలోలకు కొంచె మెక్కువ. గంపకు ఇంత పట్టునని నియమము లేదు. అల్లినవాని చేతిని బట్టి గంప, నింపినవాని మనస్సును బట్టి దాని శిఖరము.

ఈ స్థితి మారుటకు రెండు కారణములు కలిగెను: ఒకటి కొత్త కూరలు, రెండవది రైలు. 1809లో బెంగుళూరున ఆంగ్లేయుల దండు వెలసినది. దండులోనివారికి కోసు, కారెట్టు, బీన్సు, ఉర్లగడ్డ కావలసివచ్చెను. హైదరాలీ 1760లో నాటించిన లాల్‌బాగు, 1856లో ప్రభుత్వపు వృక్షశాస్త్రోద్యానమయ్యెను. 1874 మొదలు దానిని నడపిన జాన్ కామెరాన్ దొర కాలమున అనేక విదేశపు మొక్కలు ఇచటి నేలకు అలవాటు పడినవి. ఆంధ్రదేశమున నేటికిని ‘బెంగుళూరు వంకాయ’ యని పిలువబడు కూర ఆయన తెప్పించినదే యని ఉద్యాన చరిత్రలు చెప్పుచున్నవి. కన్నడిగులు దానిని సీమెబదనె యందురు. అనగా బెంగుళూరి వారికి అది సీమనుండి వచ్చినది, మనవారికి బెంగుళూరినుండి వచ్చినది! వస్తువు చేయు ప్రయాణము దాని పేరుననే నిలిచిపోవుట కిది చక్కని దృష్టాంతము. రామములగ యనబడు టొమాటో కూడ ఇట్లే వచ్చి, తమిళపు సరిహద్దున మనవారి నోట తక్కాళి యయ్యెను.

1864లో చెన్నపట్టణమునుండి రైలు బెంగుళూరు దండు వరకు వచ్చినది. అప్పుడు కూర ఒక పూట ప్రయాణముతో ఆగక, ఒక రాత్రి, ఒక పగలు పోవలసివచ్చెను. గుండ్రని గంపలు రైలు పెట్టెలో ఒకదానిమీద ఒకటి నిలువవు. నిలిపినచో పై గంప బరువు క్రింది కాయమీద పడును. వంకాయ యోర్చుకొనును గాని టొమాటో యోర్చుకొనదు. నాలుగు మూలలు గల పాత్ర కావలసివచ్చెను. అయితే మన రైతుకు పెట్టెలు చేయించుటకు టేకు ఎక్కడిది? మామిడి చెక్క బరువు, పైగా త్వరగా పురుగుపట్టును.

ఆ చెక్క మన ఇంటి గుమ్మము వరకు తనంత తానే వచ్చినది. సీమనూనె వెంట వచ్చినది. పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగమున అమెరికానుండి వచ్చు కిరసనాయిలు చతురస్రపు రేకు డబ్బాలలో వచ్చెడిది. ఒక్కొక్క డబ్బాకు 5 అమెరికా గ్యాలనులు, అనగా సుమారు 19 లీటరులు. రెండేసి డబ్బాలను ఒక చెక్కపెట్టెలో అమర్చి యోడ కెక్కించెడివారు. ఆ చెక్కను మనవారు ‘దేవదారు చెక్క’ యనిరి. పేరు దేవదారే గాని అది పైను జాతి మ్రాను. తేలికైనది, రంపమునకు లొంగునది, మేకును సులువుగా పట్టునది. నూనె దీపములకు పోయెను, డబ్బా నీళ్లకును ధాన్యమునకును పోయెను, పెట్టె మాత్రము ఎన్ని రూపములెత్తినదో లెక్కలేదు. నిలువబెట్టిన అలమర, బోరగిలబెట్టిన పీట, అడ్డముగా కోసిన తోటపెట్టె.

ఈ పాత డబ్బాల మీద తూర్పు దేశముల ప్రజలకు గల మమకారము వర్తక చరిత్రలోనే యొక ఘట్టమైనది. 1892లో మ్యూరెక్స్ అను ఓడ, డబ్బాలు లేకుండ నూనెను తన తొట్లలోనే నింపుకొని సూయెజ్ కాలువ దాటి వచ్చెను. ప్రజలు తమ పాత్రలు తామే తెచ్చుకొని నూనె పోయించుకొందురని ఆ వర్తకులు తలచిరి. ప్రజలు డబ్బా కావలె ననిరి. తుదకు రేకు తెప్పించి రేవులలోనే డబ్బాలు చేయింపవలసివచ్చినది. పారవేయవలసిన దానిని పారవేయక పనికి తెచ్చుకొనుట మనకు దారిద్ర్యము నేర్పిన బుద్ధి యని కొందరు చులకన చేయుదురు. ఆ బుద్ధికి తలయొగ్గి పెద్ద కంపెనీయే తన వ్యాపారపు తీరు మార్చుకొన్నదని మరువరాదు.

నూనె తొట్లలో వచ్చుట హెచ్చిన కొలది చెక్కపెట్టెలు అరుదయ్యెను. అప్పటికి మనవారి చేతికి పని పట్టువడినది. తేయాకు పెట్టెల పలకలు, సబ్బు పెట్టెలు, విరిగిన బండి పలకలు – దొరికినదెల్ల తోటపెట్టెకు పనికివచ్చెను. రెండవ ప్రపంచ యుద్ధమున, 1942లో బర్మా జపానువారి వశమై అక్కడి బియ్యము రాక నిలిచిపోయిన పిదప, ప్రభుత్వము అధికాహారోత్పత్తి ఉద్యమము నారంభించినది. పట్టణములలో రేషను వచ్చినది. ఇంటి పెరళ్లలో పూలమొక్కల స్థానమున కూరమొక్కలు వెలసినవి. తోట లేనివారు కూడ పెరటి పంటను దాచుకొనుటకు పెట్టెలు కొట్టుకొనిరి. ఇంటి పెట్టె యను మాటకు నిజమైన వ్యాప్తి ఈ కాలముననే కలిగినదని మా పెద్దలు చెప్పెడివారు.

ఇక ఆ పెట్టె కట్టు విధానమును కొంత వివరింతుము. ఇది పుస్తకములలో లేదు. పెద్దల చేతులలో నుండినది. మా ఇంటి పెట్టె పొడవు 18 అంగుళములు, వెడల్పు 12, లోతు 8. ఈ మూటిని గుణించి చూచిన 1,728 ఘనపు టంగుళములు, అనగా సరిగా ఒక ఘనపుటడుగు. మా తాతగారు బడిలో చదివినది కొద్దియే. ఈ లెక్క ఆయనకు ఎవరు చెప్పిరో మే మెరుగము. ఆ పెట్టెలో టొమాటోలు శిఖరము లేకుండ నింపిన సుమారు 15, 16 కిలోలు పట్టును.

రెండు కొనలకును ముప్పాతిక అంగుళము మందపు పలకలు. నాలుగు మూలలను లోపలివైపున నాలుగు గుంజలు. ఈ గుంజలు పలకకంటె ఒక అంగుళము పైకి లేచి యుండవలెను. పై పెట్టె ఆ గుంజల తలలమీద కూర్చుండును, కాయమీద కాదు. ఇదియే పెట్టెకును గంపకును గల ముఖ్యభేదము. ప్రక్కలకు మూడేసి బద్దలు, అడుగునకు ఐదు బద్దలు. బద్దకు బద్దకు నడుమ చిటికెనవ్రేలు పట్టునంత సందు. ఆ సందున గాలి యాడును, మన్ను రాలును, తడి యారును. సందు అంతకు మించెనా, కాయ మెత్తబడినప్పుడు బద్ద అంచు కాయను కోయును. అందుచే లోపలి అంచులను ఆకురాయితో నునుపు చేయవలెను.

బద్దకు ఒక్కొక్క కొనను రెండు మేకుల చొప్పున పదునొకండు బద్దలకు 44 మేకులు పట్టును. రెండు మేకులును ఒకే నారమీద దిగరాదు. దిగిన చెక్క చీలును. మేకు మొనను సుత్తితో ఒక దెబ్బ కొట్టి మొండి చేసి దింపిన చీలుట తగ్గును. వాడి మొన నారను ప్రక్కలకు త్రోయును, మొండి మొన నారను త్రెంచుకొని పోవును. లోపల రంగు పూయరాదు. కొనపలకలకు రెండు బెజ్జములు వేసి కొబ్బరి త్రాడు కట్టిన అవియే పిడులు.

నింపుటకును ఒక పద్ధతి యుండెను. టొమాటోలకు అడుగున ఎండుగడ్డి. ఉర్లగడ్డకు గోనె కప్పి చీకటిన ఉంచవలెను. వెలుతురు తగిలిన అది పచ్చబడి చేదెక్కును, తినిన విషము. ఎర్రగడ్డకు గాలి కావలెను, చీకటి అవసరము లేదు. అందుచే ఈ రెంటిని ఒకే పెట్టెలో పోయరాదు. మాగిన పండు ప్రక్కనున్న పచ్చికాయను కూడ మాగించును. నేటి శాస్త్రజ్ఞులు దీనికి ఎథిలీన్ అను వాయువు కారణమని చెప్పుదురు. మా నాయనమ్మగారు ఆ పేరెరుగరు. కాని మాగిన కాయను ప్రతిదినము ఏరి వేరు పెట్టెలో వేయుట మాత్రము మరువలేదు.

ఇంతవరకు చెప్పినది పనితనమును గూర్చి. ఇంటి పెట్టె విలువ అంతటితో ముగియలేదు. అది రైతు చేతిలోని కొలత. మేము ఉద్యోగరీత్యా గుమాస్తాలము. మండీ చిట్టాలను దగ్గరనుండి చూచినవారము. దేశమున మెట్రిక్ తూకములు 1956 నాటి చట్టముచే నిర్ణయింపబడి, 1958 అక్టోబరు మొదలు మెల్లగా అమలునకు వచ్చి, 1962 ఏప్రిల్ నాటికి పాత తూకములను తొలగించినవి. మార్కెట్లను క్రమబద్ధము చేయుటకు మైసూరు సంస్థానమున 1939లోనే చట్టము చేయబడెను. 1966లో మరియొక చట్టము వచ్చినది. చట్టములు మంచివే. కాని చట్టము తక్కెడ వరకే వచ్చును. తక్కెడమీద నున్న పెట్టె ఎంత బరువో చెప్పవలసినవాడు ఎవడు? ‘తరుగు’ అను రెండు కిలోల మాటలో రైతు నెల సంపాదన జారిపోవచ్చును.

మా బాల్యమున జరిగిన దొకటి కలదు. ఒక మండీలో మా తాతగారి పెట్టెలకు పెట్టె యొక్కంటికి మూడు కిలోలు తరుగు వ్రాసిరి. తాతగారు కోపపడలేదు.

“ఏమప్పా, నా పెట్టె మూడు కిలోలని నీకెవరు చెప్పినారు?”

“అన్నిటికీ అంతే పెద్దయ్యా. వాన కాలం, చెక్క నీళ్లు తాగుంటాది.”

“తాగితే తాగనీ. దించి చూద్దాం.”

ఒక పెట్టెను ఖాళీ చేసి తక్కెడమీద పెట్టిరి. తడిసిన పెట్టె రెండుంబావు తూగినది. ఎండిన పెట్టె బరువు రెండు కిలోలని కొనపలకమీద కాల్చిన ఇనుపకడ్డీతో ముందే గుర్తువేసి యుండెను. చిట్టా దిద్దబడినది. ఆనాడు తెచ్చినవి నలువది పెట్టెలు; పెట్టెకు ముప్పావు కిలో చొప్పున ముప్పది కిలోలు, అనగా రెండు పెట్టెల కాయలు, మాకు మిగిలినవి. పెట్టె తనది కానిచో ఆయన నోరెత్తుట కాధారమే యుండెడిది కాదు.

ఆ కొనపలకమీద బరువుతోపాటు మరియొక గుర్తుండెను. అది మా ఇంటి పేరులోని మొదటి అక్షరము, తారుతో వ్రాసిన తెలుగక్షరము. మండీలో వందల పెట్టెల నడుమ తన పెట్టెను గుర్తుపట్టి తిరిగి తెచ్చుకొనుటకు ప్రతి కుటుంబమును ఒక గుర్తు వేసికొనెడిది. కోలారు వైపు కన్నడ గుమాస్తాలు మన అక్షరములను తేలికగా పోల్చుకొనెడివారు. రెండు లిపులకును భేదము తలకట్టునందే యధికము. హోసూరు వైపు తమిళ గుమాస్తాలకు అవి బొమ్మలవలె నుండెడివి. ఆ బొమ్మలకే అలవాటుపడిరి. మేము చదివినది కన్నడ బడి. మా ఇరుగుపొరుగు పిల్లలలో ననేకులు తెలుగు వాచకమును చేతబట్టలేదు. అయినను తారు కుంచెతో పెట్టెలమీద అక్షరము దిద్దు పని పిల్లలదే గనుక, ప్రతివాడును తన ఇంటి అక్షరమును, ప్రక్క తోటవారి అక్షరమును నేర్చెను. పది తోటల పెట్టెలు చూచిన పది అక్షరములు వచ్చెడివి. మాకు తెలుగు లిపి అబ్బినది ఈ విధముగనే. కైవార నారేయణ తాతయ్యగారు పుట్టి పాడిన సీమలో, తెలుగు పాట చెవిని పడుచునే యుండెను. తెలుగక్షరము మాత్రము మాలో పలువురకు పెట్టెమీదనే కంటబడినది.

చెక్కపెట్టె ఎందుకు పోయినదో కూడ నిష్పక్షపాతముగ చెప్పవలెను. అడవులు తరిగినవి. 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు తరువాత దేశమంతటను అడవి మ్రానును కొట్టుటపై కట్టుదిట్టములు హెచ్చినవి. మన జిల్లాలలో పెట్టెచెక్కకు పనికివచ్చిన నీలగిరి మ్రానులు, అనగా ఆంధ్రులు జామాయిలనునవి, భూమిలోని నీటిని పీల్చుచున్నవని కర్ణాటక ప్రభుత్వము 2017లో వాని నూతన నాటకమును నిషేధించినది. నీటికి కరవైన కోలారు సీమకు ఆ నిర్ణయము విచారింపదగినదే. గత శతాబ్ది చివరి దశాబ్దము మొదలు ప్లాస్టిక్ పెట్టెలు హెచ్చినవి. అవి కడిగిన శుభ్రపడును; నీరు త్రాగవు; బూజు పట్టవు; ఒకదానిమీద ఒకటి చక్కగా నిలుచును. నేడు కోలారు మండీలో టొమాటో 15 కిలోల పెట్టె లెక్కన అమ్ముడగుచున్నది. ఆసియాలోని పెద్ద టొమాటో మార్కెట్లలో అది యొకటి. ఇవన్నియు మేలే. కాని మేము చూచిన మట్టుకు ఆ పెట్టె రైతుది కాదు, మండీవారిది. దానిమీద వ్రాసియున్న పేరు కూడ వారిదే. రైతు దానిని అడిగి తెచ్చుకొని, నింపి, వదలివచ్చును.

అందుచే పాత పెట్టెలే మరల వాడుడని మేము చెప్పము. కాలము వెనుకకు నడవదు. కాని పెట్టెతోపాటు పోరానివి కొన్ని కలవు. వానిలో మొదటివి మాటలు. ఒక మేకును మనము మేకని, చీలయని అందుము; కన్నడిగుడు మొళె యనును; తమిళుడు ఆణి యనును. రంపము కన్నడమున గరగస. పలక కన్నడమున హలగె, తమిళమున పలగై. పెట్టె మాత్రము చూడుడు: తెలుగున పెట్టె, కన్నడమున పెట్టిగె, తమిళమున పెట్టి. మన పూర్వులు ఈ నేలకు వచ్చి ఎదుటివానికి చెప్పి ఒప్పింప నవసరము లేకపోయిన మాటలలో ఇది యొకటి. బాడిస, ఉలి, చిత్రిక, ఆకురాయి, మూలమట్టము, బద్ద, గుంజ – ఈ మాటలు మన యిండ్లలో అరువదేండ్లు దాటినవారికే నేడు తెలియును. మనుమలను అడిగి చూచినచో సగము మాటలకు వారు నవ్వుచున్నారు.

మన సంఘములు పండుగలు జరుపుచున్నవి, నాటకములు వేయుచున్నవి, బాలబాలికలకు తెలుగు తరగతులు పెట్టుచున్నవి. ఆ తరగతులలో అక్షరము నల్లబల్లమీదనే యుండనక్కరలేదు. ప్రతి కుటుంబమును తన పెద్దలను అడిగి తోటపని మాటలు ఒక నూరైనను వ్రాసి సంఘమున కిచ్చినచో, వచ్చు సంచికకు దానికన్న విలువైన వ్యాసము వేరొకటి యుండదు. అటకమీద పాత పెట్టె యున్నవారు దానిని వంటచెరకు చేయక దించి, పొడవు వెడల్పులు కొలిచి, దానిమీది అక్షరమెవరిదో వ్రాసి యుంచవలెను. పెట్టె లేనివారు సెలవుదినమున పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఒకటి కొట్టి చూడవచ్చును. పదునొకండు బద్దలు, నాలుగు గుంజలు, రెండు పలకలు, కొన్ని మేకులు, ఇంతే సామగ్రి. పని ముగిసిన పిదప కుంచెను పిల్లవాని చేతి కిచ్చి, ఇంటి పేరులోని మొదటి అక్షరమును కొనపలకమీద వానిచేతనే వ్రాయింపవలెను.